అర సెకను దాటిన గొంతు

దిగిన 203వ రోజు

పొద్దున్న షిఫ్టు మొదలయ్యేలోపల ఇరవై రెండు గొంతుపెట్టెలు తుడిచాను, వాటి మరమ్మతు నా పని. ఉప్పు, చెమట, ఎవరిదో పెరుగన్నం. గొంతుపెట్టెని మెడకి బెల్టులా కట్టుకుంటారన్న సంగతి అందరికీ తెలుసు. అన్నం తినేముందు దాన్ని పైకి జరుపుకోవాలన్న సంగతే ఒక్కరికీ గుర్తుండదు.

అది లేకపోతే మాకు మాట లేదు. సముద్రం కింద నూట ఎనభై మీటర్ల లోతున, ఈ అడుగింట్లో మేం పీల్చేది హీలియం కలిపిన గాలి. ఆ గాలిలో ఎంత గంభీరమైన మనిషైనా బాతుపిల్లలా అరుస్తాడు. మా సూపరింటెండెంటు గారు పెట్టె తియ్యకుండానే స్నానం చేస్తారని చెప్పుకుంటారు. పెట్టె ఆ కూతని పట్టి, మనిషి గొంతుగా మార్చి, అందరి చెవుల్లో బిగించిన బొత్తాలకి పంపుతుంది. బొత్తం బిగిస్తే అసలు కూత చెవిలో పడదు. ఎవరి గొంతు వాళ్ళ బొత్తంలోకి మాత్రం రాదు. అది ఎముకల్లోంచి వినబడినంతే.

ఈ పెట్టెలకి ఒక జబ్బుంది. పంపుల రొద చెవుల్లో పడకూడదని తయారుచేసినవాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. ఒకే శబ్దం అర సెకను దాటి సాగితే పెట్టె దాన్ని పంపు అనుకుని కోసేస్తుంది. అందుకే మా అడుగింట్లో సాగదీసి పాడే పాట లేదు. పన్నెండేళ్ళుగా ఇక్కడ పుట్టినవన్నీ గబగబా దొర్లిపోయే పొట్టి మాటల పాటలే.

అలాంటి పాటలు కట్టడంలో మేటి మైలపల్లి నూకాలమ్మ. వయసు నలభై తొమ్మిది. సముద్రం మీద తేలే గాలిమరలకి కిందనుంచి కట్టిన లంగరు గొలుసులు వెల్డింగ్ చెయ్యడం ఆమె పని. పాట ఆమె ప్రాణం. మిగతావాళ్ళు పెట్టె కోతకి భయపడి పాడితే, ఈవిడ ఆ కోతనే వాయిద్యం చేసుకుంది. సరిగ్గా ఎక్కడ దెబ్బ పడాలో అక్కడ కావాలని అక్షరాన్ని లాగుతుంది. పెట్టె టక్కున కోస్తుంది. ఆ టక్కు తాళంలో పడుతుంది. డప్పు లేదు, డోలు లేదు, యంత్రం చేసే తప్పుతోనే తాళం వేయించుకుంటుంది. ఆ పెట్టె లోపలి తీగలన్నీ నాకు తెలుసు, అయినా ఆవిడ పాడుతుంటే నోరు తెరుచుకుని వింటాను.

నిన్న ఆదివారం. భోజనాలయ్యాక నలుగురు పాడారు. వంటాయన గవరయ్య వండే జిగురన్నం మీద నూకాలమ్మ పాట కట్టింది. విన్నవాళ్ళు తమకి నచ్చినవాళ్ళ గ్లాసులో తమ చెంచా వెయ్యాలి, అది ఇక్కడి ఆనవాయితీ. అరవై చెంచాల్లో నలభై ఒకటి ఆవిడ గ్లాసులో పడ్డాయి. అందులో ఒకటి గవరయ్యది.


దిగిన 206వ రోజు

సరుకుల తొట్టి దిగింది. బియ్యం, మందులు, చెప్పులు. వాటితోపాటు నా పేరున ఒక డబ్బా, అందులో అరవై నాలుగు కొత్త చిప్పులు. ఇవి పంపు రొదనీ మనిషి గొంతునీ వేరుచేస్తాయట. ఎంతసేపు రాగం తీసినా కొయ్యవట.

ఇన్నాళ్ళూ పట్టని ఈ శ్రద్ధ ఇప్పుడెందుకో తెలియనిది కాదు. ఒడ్డున ఎవరి చెవికి వాళ్ళ పాట తయారవుతుంది. మనిషి లేవగానే వాడి నాడి చూసి, వాడికి తగ్గ పాట యంత్రం వినిపిస్తుంది. మా అన్నయ్య ఇంట్లో నలుగురున్నారు, నలుగురివీ నాలుగు పాటలు. ఒకరు కూనిరాగం తీస్తే రెండోవాళ్ళకి అదేమిటో తెలియదు. ఆదివారం ఎక్కువ చెంచాలు పడి ఇక్కణ్ణుంచి పైకి వెళ్ళే అడుగుపాట ఒక్కటే ఊరంతా ఒకేసారి వింటుంది. వారమంతా దాన్నే పాడుకుంటారు. రైల్లో ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్ళు కలిసి పాడే పాట ఇవాళ దేశంలో అదొక్కటే. దాన్ని పంచే పాటల కంపెనీకి దాని రుచి తెలిసింది, రకాలు పెంచమంటోంది.

ముందు క్రేను నడిపే జోగినాయుడి పెట్టెలో కొత్త చిప్పు పెట్టాను. ఇరవై ఆరేళ్ళవాడు, నోరు ఊరుకోదు. "ఏదో ఒకటి పలుకు" అన్నాను. "ఆ" అన్నాడు. అని ఆపలేదు. పధ్నాలుగు సెకన్లు. భోజనాల గదిలో కంచాల చప్పుడు ఆగిపోయింది. అంతసేపు సాగిన మనిషి గొంతు ఈ అడుగింట్లో ఎవరూ వినలేదు! గవరయ్య గరిట పట్టుకుని గుమ్మంలోకి వచ్చేశాడు.

"బాబోయ్, నా గొంతులో ఇంతుందేటి!" అన్నాడు జోగి, మా మొహాలు చూసి.

చెప్పుకోవడానికి సిగ్గులేదు, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.


దిగిన 210వ రోజు

అడుగింటికి రాగాల పిచ్చి పట్టింది. ఉప్పు అడిగేవాడు "ఉప్పూ..." అని అయిదు సెకన్లు లాగుతున్నాడు. నిన్నటి ఆదివారం జోగి గ్లాసులో ముప్ఫై ఎనిమిది చెంచాలు. వాడి పాటలో మాటలు అయిదో ఆరో, తక్కినదంతా "ఓ..." అని పిలుపే. బాగుంది. నిజంగా బాగుంది.

నూకాలమ్మ గ్లాసులో తొమ్మిది.

పది లోపల చెంచాలు వరసగా మూడు ఆదివారాలు వస్తే పాడే వంతు పోతుంది. వంతు కోసం పదకొండుమంది కాచుకుని ఉన్నారు. మళ్ళీ ఆ వరస చివర నిలబడితే రెండేళ్ళు పడుతుంది. అప్పటికి ఆవిడని పైకి పంపించేస్తారు, యాభై దాటితే ఇక్కడ ఉంచరు. అంటే ఇంకో రెండు ఆదివారాలు తప్పితే ఆవిడ పాట అయిపోయినట్టే.

ఆవిడ ఆ తొమ్మిది చెంచాలూ కడిగి, ఎవరివి వాళ్ళకి ఇచ్చి, జోగి వీపు మీద ఒక్కటి చరిచింది. "నీ గొంతు కడుపులోనుంచి వస్తందిరా నాయనా. తాగడం మానీ" అంది.

"మీ దెబ్బ తిన్నాక ఇంకేం తాగుతానప్పా" అన్నాడు వాడు.


దిగిన 213వ రోజు

ఒక తెలివితక్కువ పని చేశాను. చేసేటప్పుడు మాత్రం గొప్ప తెలివిగా అనిపించింది, కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నూకాలమ్మ పెట్టె వంతు ఇవాళ. ముందు కొలత చూడాలని చెప్పి, కొత్త చిప్పున్న పెట్టె ఆవిడ మెడకి కట్టి, పాత పాటలోంచి ఒక ముక్క పాడమన్నాను. పాడింది. నేను విన్నాను. చచ్చిపోయింది పాట. ఎక్కడ టక్కుమని కోత పడాలో అక్కడ ఊపిరి జారుతోంది. తాళం నీళ్ళలో తడిసిన కాగితంలా మెత్తబడింది. ముప్ఫై ఏళ్ళ పనివాడి చేతిలోంచి సుత్తి లాక్కుని దిండు ఇచ్చినట్టుంది.

ఆవిడకి ఇదేం తెలియదు. తన గొంతు తన ఎముకల్లోంచే వింటుంది. పోనీ రికార్డు పెట్టి వినిపిద్దామంటే వినదు. తను పాడింది తను మళ్ళీ వినడం ఎంగిలి తిన్నట్టని ఆవిడ పట్టింపు.

ఆవిడ పెట్టెకి కొత్త డొప్ప వేశాను. కొత్త బెల్టు వేశాను. లోపల పాత చిప్పు అలాగే ఉంచేశాను. ఇలాంటి పాట పుట్టడానికి ప్రపంచంలో మిగిలిన ఆఖరి తప్పు అదే అనిపించింది నాకు. దాన్ని నేను కాపాడుతున్నాననుకున్నాను.

"అయిపోనాదా బాబూ?" అని పెట్టె మెడకి కట్టుకుని అడిగింది.

"అయిపోయిందక్కా" అన్నాను.


దిగిన 217వ రోజు

నిన్న ఏడు చెంచాలు. పాట ఎప్పటిలాగే పదునుగా ఉంది, కోత ఎప్పటిలాగే తాళంలో పడింది. జనం చెవులే మారిపోయాయి. పది రోజులకే! పన్నెండేళ్ళు మురిసిన పద్ధతి ఇప్పుడు వాళ్ళకి నత్తిలా వినబడుతోంది. గవరయ్య కూడా చెంచా జోగికే వేశాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

పాత చిప్పు ఉంచి ఆవిడకి నేను చేసిన మేలు ఏమిటో నాకే అర్థం కావడం లేదు.

సాయంత్రం షిఫ్టు దిగి నూకాలమ్మ నా గదికి వచ్చింది. మెడలో పెట్టె తడుముకుంటూ నిలబడింది.

"బాబూ, ఇందల దీర్ఘం ఎల్తాది గదా? జోగిగాడికి ఎల్లినట్టు?"

ఆ క్షణాన నిజం చెప్పేస్తే సరిపోయేది. "వెళ్తుందక్కా" అన్నాను.

"ఎంతసేపు తీసినా?"

"ఎంతసేపైనా."

తల ఊపి వెళ్ళిపోయింది. ఈ వయసులో జోగితో పోటీకి రాగాలు మొదలుపెడుతుందా అని కొంచెం బాధపడ్డాను. రేపు ఏదో ఒక వంక చెప్పి చిప్పు మార్చెయ్యాలి అనుకున్నాను.

(222వ రోజున చేర్చినది: మార్చలేదు. నాలుగో నంబరు గొలుసు తెగి అందరూ నీళ్ళలోనే ఉన్నారు. పెట్టెలు నా చేతికి రాలేదు. ఇది కారణమే గాని సాకుగా సరిపోదు.)


దిగిన 224వ రోజు

నిన్న ఆఖరి ఆదివారం ఆవిడకి. అందరికీ తెలుసు. నాలుగో వంతు ఆవిడది.

లేచి నిలబడింది. ఎప్పుడూ పాటకి ముందు ఎవరో ఒకరిని ఆటపట్టిస్తుంది, నిన్న ఏమీ అనలేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టింది. జుట్టు ముడి విప్పుకుంది. కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

"అమ్మ" అని వినబడింది. తరవాత ఏమీ లేదు.

నోరు తెరిచే ఉంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఒళ్ళంతా వణుకుతోంది. అయినా చెవుల్లో ఒక్క శబ్దం లేదు. పది సెకన్లు, పదిహేను.

"దండెం మీద నీ కోక తడారనేదే" అని గబుక్కున మాటలు. మళ్ళీ శూన్యం.

"పొయ్యి మీద నీ ఎసరు మరగనేదే."

శూన్యం.

"నాను వచ్చీదాక ఉండనేకపోనావే అమ్మ."

రెండో మాటకే నాకు తెలిసిపోయింది. అది పాట కాదు. పోయినవాళ్ళ పక్కన కూర్చుని ఆడవాళ్ళు రాగం తీసి ఏడ్చే ఏడుపు. ఆ ఏడుపులో మాటలు కొసరు, రాగమే అసలు. ఆవిడ అసలంతా పెడుతోంది. నేను వదిలేసిన చిప్పు దాన్ని పంపు రొద అనుకుని కోసి పారేస్తోంది. కొసరు మాత్రమే మా చెవులకి వస్తోంది.

లేచి ఆపాలి. లేవలేదు. ఎందుకో నిజం చెప్తాను. ఆ శూన్యాలు వింటూ కదలలేకపోయాను. ఒక మనిషి అంత నోరు తెరిచి ఏడుస్తూ, గొంతు లేకపోవడం! అరవై రెండుమందీ ఊపిరి బిగబట్టి, వచ్చే మాట కోసం ముందుకి వంగారు. ఆరు నిమిషాలు అలా సాగింది.

యాభై ఎనిమిది చెంచాలు. గ్లాసు పట్టక బల్ల మీద పోశారు. జోగి తన చెంచా వేసి, వంగి ఆవిడ కాళ్ళు తాకాడు.


దిగిన 228వ రోజు

ఒడ్డు ఊగిపోతోంది. ఇంతవరకు ఏ అడుగుపాటా ఇలా పాకలేదట. జనం రైళ్ళలో దీన్ని కలిసి పాడుతున్నారు, అంటే మాట అనేసి, అందరూ కలిసి నోరు తెరిచి మౌనంగా ఉండి, మళ్ళీ మాట అంటున్నారు. యంత్రాలు కూడా అప్పుడే శూన్యాలు పెట్టి పాటలు అల్లేస్తున్నాయి. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. "ఆ నిశ్శబ్దాలే ఈ పాటకి ప్రాణం, ఇదే పద్ధతిలో మరో మూడు పంపగలరు" అని. ఇక్కడ జోగి అద్దం ముందు నోరు తెరిచి ఊపిరి బిగబట్టి సాధన చేస్తున్నాడు. దీర్ఘాల మోజు పట్టుమని మూడు వారాలు కూడా నిలవలేదు.

నూకాలమ్మ మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి కూర్చుంది. మొహంలో సంతోషం కంటే సందేహం ఎక్కువగా ఉంది.

"మా వదిన ఫోన్ చేసినాది బాబూ. పాట బాగుందంది. పాటేటి? ఏడిస్తే ఏడుపు ఇని ఏడవాలి గానీ, బాగుందంటారేటి? ఇక్కడోలైనా అంతే. ఒక్క ఆడది నా గొంతుతో గొంతు కలపనేదు. మావోలల్లో అలాగ ఒగ్గీరు. ఒకలు రాగం తీస్తే పక్కోలు అందుకోవాల."

నేను స్క్రూడ్రైవరు వైపు చూస్తూ కూర్చున్నాను.

"మూడేళ్ళ కిందట మా అమ్మ పోనాది. ఇక్కడినుంచి పైకెల్లాలంటే ఒత్తిడి దింపడానికే ఎనిమిది రోజులు. శవాన్ని ఎనిమిది రోజులు ఉంచుతారేటి? మా అన్న ఫోన్ తీసికెల్లి అమ్మ సెవి కాడ పెట్టినాడు. నాను ఇక్కడ కూకుని ఏడిసినాను. పెట్టె అంతా కోసీసింది. అక్కడ ఇన్నోలు ఏటన్నారో తెలుసా? మాటలు అప్పగిస్తంది గానీ కూతురికి ఏడుపు రాట్లేదు అన్నారు. ఆ మాట నాకు మా వదిన సెప్పింది. అమ్మకి ఏడుపు బాకీ ఉండిపోనాను బాబూ. కొత్త పెట్టె వచ్చినాది గదా, వంతు పోయీలోపల అది తీర్సీదామనుకున్నాను."

ఆవిడ నీళ్ళు తాగి, షిఫ్టుకి టైమైందని లేచి వెళ్ళింది.


దిగిన 229వ రోజు

చెప్పేశాను.

గొలుసుల గదికి వెళ్ళి, ఆవిడ పెట్టె మూత తీసి, లోపలి పాత చిప్పు చూపించి, ఎందుకు ఉంచానో కూడా చెప్పాను. ఆవిడ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ మెడకి కట్టుకుంది.

"ఏదీ, పైకెల్లింది ఇనిపించు" అంది.

ఆవిడ తన పాట వినడం అదే మొదటిసారి. ఆరు నిమిషాలూ కదలకుండా విన్నది.

"నా పాట మీద నీకంత పెత్తనం ఎవులిచ్చినారు?"

"ఎవరూ ఇవ్వలేదక్కా."

"బాగుందని దాసుకున్నావు. నా గొంతు నీ సొరుగులోది అనుకున్నావేటి? పో."

వెల్డింగ్ కళ్ళద్దాలు దించుకుంది. నేను వచ్చేశాను. ఇంతకంటే పెద్ద మాట ఏదన్నా అని ఉంటే బాగుండునని సాయంత్రందాకా అనుకున్నాను.


దిగిన 231వ రోజు

మధ్యాహ్నం విశ్రాంతి వేళ తనే వచ్చింది.

"నా ఎదర మార్సు" అని, పెట్టె విప్పి నా బల్ల మీద పెట్టింది.

ఆవిడ చూస్తుండగా కొత్త చిప్పు పెట్టాను. నాలుగు స్క్రూలు బిగించి పెట్టె ఆవిడ మెడకి కట్టాను.

"కంపెనీవాళ్ళకి నిజం రాసేస్తానక్కా. ఆ పాట వెనక్కి తీసుకోమంటాను."

"ఎందుకు? రెండు రోజులు నీల్లలో ఆలోసించినాను. అది పాటే బాబూ. మంచి పాట. కోత నాకు కొత్తేటి? జనానికి నచ్చినాది, పాడుకోనీ. ఎలా పుట్టిందో రాయాలంటే రాయి, దాసొద్దు. గానీ అది మా అమ్మకి కాదు. మా అమ్మది ఇంకా నా కాడే ఉంది. మా వదినకి ఫోన్ కలుపు."

కలిపాను. రికార్డు మీట మీద చెయ్యి వేశాను, అలవాటు కొద్దీ. ఆవిడ నా చెయ్యి వైపు చూసింది. తీసేశాను.

"ఉండనా, వెళ్ళిపోనా?" అని అడిగాను.

"ఉండు. నువ్వూ ఇనాల."

నేల మీద కూర్చుంది. "వదినా, అమ్మ పడుకునే కాడ ఫోన్ పెట్టు" అంది. అవతల ఏదో బల్ల జరిపిన చప్పుడు. తరవాత ఆవిడ "అమ్మా" అంది.

దాని గురించి రాయడం నాకు చేతకాదు. ఆ గొంతు పైకి లేచి, అక్కడే నిలబడి, ఊపిరంతా అయిపోయాక కూడా ఇంకా కొంచెం ఉండి, మెల్లగా విరిగింది. నలభై ఒక్క చెంచాల నూకాలమ్మ, వేళాకోళాల నూకాలమ్మ, తప్పుని తాళం చేసిన నూకాలమ్మ, ఇదంతా లోపల పెట్టుకుని మూడేళ్ళు అందరినీ నవ్వించింది. మూడో రాగానికి అవతలనుంచి వాళ్ళ వదిన అందుకుంది. తలుపు తీసిన చప్పుడు. ఇంకో గొంతు. ఇంకోటి. పక్కిళ్ళవాళ్ళు పరిగెత్తుకొచ్చినట్టున్నారు. ఒకరి ఊపిరి అయిపోయేచోట ఇంకొకరు అందుకున్నారు, రాగం ఎక్కడా తెగలేదు. పదకొండు నిమిషాలు.

అయ్యాక ఆవిడ మొహం తుడుచుకుని, "ఎవులెవులొచ్చినారు?" అని అడిగింది. వదిన పేర్లు చెప్పింది. ఆరుగురు ఆడవాళ్ళు, వదిన, అన్న. "మీ అన్న గోడకి తల ఆనించుకుని ఉన్నాడే" అంది. తరవాత ఇద్దరూ ఈ ఏడు రొయ్య పడుతోందా లేదా అని మాట్లాడుకున్నారు.

కంపెనీకి ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టు. ఆ పాట వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఈ వారానికి దాన్ని విన్నవాళ్ళు నాలుగు కోట్లు దాటారని జవాబు వచ్చింది.

ఇవాళ్టిది రికార్డు చెయ్యలేదు. పన్నెండేళ్ళ అడుగుపాటల్లో దానికి సాటి వచ్చేది లేదు. విన్నవాళ్ళు నాతో కలిపి తొమ్మిదిమంది. ఏడ్చినవాళ్ళు తొమ్మిదిమంది.